టేపులున్నాయి, జాడ లేదు

బ్యాకప్ సర్వర్‌ను పరుగెత్తించడం తేలిక. అడిగింది వెతికి ఇచ్చేలా చేయడమే కష్టం

రైల్వే గేటు పడి ఆగిపోయినప్పుడు పట్టాల పక్కన పడి ఉన్న పాత రైలు ముక్కను ఎప్పుడైనా గమనించారా? దాని పక్క భాగంలో ఉబ్బెత్తు అక్షరాలుంటాయి. మీటరుకు 52 కిలోలా, 60 కిలోలా అన్న లెక్క, ఉక్కు రకం, తయారీదారు గుర్తు, రోమన్ అంకెల్లో నెల, ఆపైన సంవత్సరం. భిలాయి ఉక్కు కర్మాగారం 1960 నుంచి దేశానికి రైలు పట్టాలు అందిస్తోంది కనుక ఆ ముక్క అక్కడిదే అయ్యే అవకాశం ఎక్కువ. పట్టా ఇంకా ఎర్రగా కాలుతుండగానే కొట్టిన మరో నంబరు కూడా దాని మీద ఉంటుంది. అది హీట్ నంబర్. కొలిమిలో ఒక విడతకు తయారైన ఉక్కును ఉక్కు కర్మాగారాల్లో 'హీట్' అనే పిలుస్తారు.

ఆ నంబరు అలంకారం కోసం కాదు. ఇరవై ఏళ్ల తర్వాత ఎక్కడో ఆ పట్టా పగిలిందనుకోండి. నంబరు పట్టుకుని వెనక్కి వెళితే ఆ ఉక్కులో కార్బన్ ఎంత, మాంగనీస్ ఎంత, పరీక్షలో అది ఎంత బలం చూపింది, అదే హీట్‌లోంచి ఇంకా ఏ పట్టాలు వచ్చాయి అన్నది తెలుస్తుంది. ఒక్క షరతు. ఆ నంబరు ఎదుట ఈ వివరాలన్నీ రాసి ఉన్న రిజిస్టర్ ఎక్కడో భద్రంగా ఉండాలి. అది లేకపోతే పట్టా మీద మిగిలేది కొన్ని అంకెలు మాత్రమే.

ఈ సంగతి నాకు చెప్పింది భిలాయిలో పుట్టి పెరిగిన మా పిన్ని కొడుకు. రాయపూర్-విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ తర్వాత పాతికేళ్లకు భిలాయిలో ఉక్కు కర్మాగారం పనులు మొదలయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఉపాధి వెతుక్కుంటూ బయల్దేరినవారికి అదే రాచబాట అయింది. మా బాబాయి కూడా ఆ బండి ఎక్కినవాడే. కొడుకు మాత్రం ప్లాంటులోకి వెళ్లలేదు. పారిశ్రామికవాడలో యంత్ర భాగాలు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో కంప్యూటర్ల బాధ్యత చూస్తున్నాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, సర్వర్ గదిలో ఇంగ్లిష్. 2023 వేసవిలో ఒక రాత్రి ఫోన్ చేసి అతనన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "అన్నయ్యా, టేపులన్నీ ఉన్నాయి. ఏది ఎందులో ఉందో చెప్పేదే పోయింది."

ఆ మాట అర్థం కావాలంటే బ్యాకప్ సర్వర్ అంటే ఏమిటో కొంచెం తెలియాలి. ఆఫీసులోని కంప్యూటర్లన్నిటి నుంచి ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా లాక్కుని టేపుల మీదో, డిస్కుల మీదో దాచే యంత్రం అది. చాలామందికి తెలిసింది అంతవరకే. కానీ దాచడంతో పాటు అది ఇంకో పని చేస్తుంది. ఏ ఫైలు, ఏ ఫోల్డర్లోది, ఎంత సైజుది, ఏ తేదీన, ఏ టేపు మీద, ఎన్నో చోట రాశాను అన్నది ఒక డేటాబేస్‌లో నమోదు చేసుకుంటుంది. దాని పేరు క్యాటలాగ్. గ్రంథాలయంలో పుస్తకాలు టేపులైతే కార్డుల పెట్టె క్యాటలాగ్. కార్డుల పెట్టె తగలబడినంత మాత్రాన పుస్తకాలు మాయం కావు. కానీ లక్ష పుస్తకాల్లో మీకు కావలసింది దొరకాలంటే మొదటి అలమర నుంచి ఒక్కొక్కటే తీసి చూడాలి.

మావాడి సమస్య సమయంతో మొదలైంది. రాత్రి పదింటికి మొదలైన బ్యాకప్ పొద్దున తొమ్మిదింటికి గానీ పూర్తయ్యేది కాదు. అప్పటికి ఉద్యోగులు వచ్చేసేవారు, డ్రాయింగులు తెరుచుకోవడానికి మొరాయించేవి, యజమాని విసుక్కునేవాడు. అందరిలాగే మావాడూ టేపు డ్రైవ్‌నే అనుమానించాడు. తీరా చూస్తే డ్రైవ్ ఖాళీగా ఎదురుచూస్తోంది. ఇది ఈ రంగంలో పాత సంగతే. టేపుకు నిలకడగా, ధారగా డేటా అందాలి. డ్రైవ్ కొంతవరకు తన వేగం తగ్గించుకుని సర్దుకుంటుంది. డేటా అంతకన్నా నెమ్మదిగా వస్తే టేపు ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకొచ్చి అందుకోవాలి. బూటు పాలిష్ చేసే గుడ్డలా అటూ ఇటూ ఊగుతుంది. సమయం వృథా, టేపు అరుగుదల అదనం.

మరి జాప్యం ఎక్కడ? క్యాటలాగ్‌లో. లక్షల ఫైళ్ల పేర్లను సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కటిగా డేటాబేస్‌లో చేరుస్తోంది. ప్రతి పేరు చేర్చాక అది నిజంగా డిస్కు మీదకు చేరిందా అని ఆగి నిర్ధారించుకుంటోంది. ఒక్కోసారి ఆగేది సెకనులో చిన్న భాగమే. ఇరవై లక్షల ఫైళ్లకు ఆ చిన్న భాగాలన్నీ కలిస్తే గంటలవుతాయి. బ్యాంకులో ప్రతి పది రూపాయల నోటుకూ విడిగా చలానా రాయించుకుంటే క్యూ ఎలా ఉంటుందో అలా అన్నమాట.

ఇక్కడ రెండు దారులున్నాయి. మొదటిది సరైన దారి. పేర్లన్నిటినీ ముందు ఒక తాత్కాలిక ఫైల్లో పోగుచేసి, టేపు పని అయ్యాక వేలకు వేలు ఒకే కట్టగా డేటాబేస్‌కు అందించడం. డేటాను కూడా ముందు వేగమైన డిస్కు మీదకు తెచ్చుకుని అక్కడి నుంచి టేపుకు ధారగా పంపడం. క్యాటలాగ్‌ను టేపు తాత్కాలిక డేటాతో పోటీ పడకుండా విడి ఎస్‌ఎస్‌డీ మీద పెట్టడం. డేటాబేస్‌కు సరిపడా మెమరీ ఇవ్వడం. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌ను పెట్టెలోంచి తీసింది తీసినట్టు వాడితే తన కోసం అట్టే పెట్టుకునే మెమరీ 128 ఎంబీయే. చిన్న యంత్రంలో కూడా ఇబ్బంది లేకుండా నడవాలని అలా పెట్టారు. కోట్ల వరుసల క్యాటలాగ్‌కు అది చాలదు.

రెండోది అడ్డదారి. రాసింది డిస్కు మీదకు చేరిందా అని చూసుకునే ఆ సెట్టింగ్‌నే కట్టేయడం. ఎఫ్‌సింక్ అంటారు దాన్ని. ఒక్క పదం మారిస్తే చాలు, డేటాబేస్ రెక్కలు కట్టుకుని ఎగురుతుంది. కరెంటు పోతే మాత్రం రాశాననుకున్నది సగం మెమరీలో, సగం డిస్కులో ఉండిపోయి డేటాబేస్ మొత్తం పనికిరాకుండా పోవచ్చు. పోస్ట్‌గ్రెస్ సొంత మాన్యువల్ ఈ సంగతి స్పష్టంగానే హెచ్చరిస్తుంది.

మావాడు రెండో దారి పట్టాడు. పదకొండు గంటల పని ఆరు గంటలకు దిగింది. పొద్దున్నే డ్రాయింగులు చకచకా తెరుచుకున్నాయి. యజమాని మిఠాయి తెప్పించాడు. ఎనిమిది నెలలు అంతా సుఖమే. మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేసింది. తిరిగి వెలుగు వచ్చేసరికి క్యాటలాగ్ తెరుచుకోలేదు.

దానికీ బ్యాకప్ ఉంది. ప్రతి రాత్రీ చివరన క్యాటలాగ్ నకలు కూడా టేపు మీదకే వెళ్లేది. ఏ టేపు మీదకు? ఆ సంగతి రాసి ఉన్నది క్యాటలాగ్‌లోనే. ఇనప్పెట్టె తాళం చెవిని ఇనప్పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్టయింది.

సరిగ్గా ఆ వారమే ఒక కొనుగోలుదారు నుంచి లేఖ వచ్చింది. 2019లో సరఫరా చేసిన షాఫ్టుల్లో ఒకటి విరిగింది, ఆ లాట్‌కు చేసిన అల్ట్రాసోనిక్ పరీక్ష నివేదిక ఏడు రోజుల్లో పంపండి అని. ఆ నివేదిక కంప్యూటర్లలో లేదు. స్థలం కోసం పాత ఫోల్డర్లను ఎప్పుడో తొలగించారు, టేపుల మీద ఉందిగా అన్న ధైర్యంతో. బీరువాలో 38 టేపులు. ఎల్‌టీఓ-5 రకం. ఒక్కోదానిలో 1.5 టెరాబైట్లు పడతాయి, సెకనుకు 140 మెగాబైట్ల చొప్పున చదవవచ్చు. అంటే నిండు టేపును ఒక చివర నుంచి ఇంకో చివరకు చదవడానికి సుమారు 3 గంటలు. టేపులు చదువుతూ క్యాటలాగ్‌ను మళ్లీ అల్లుకునే సాధనం ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. 38 టేపులకు లెక్క వేస్తే 114 గంటలు. రాత్రింబవళ్లు ఒక మనిషి పక్కన కూర్చుని టేపులు మారుస్తూ ఉంటేనే ఆ లెక్క. ఉన్నది ఒకే డ్రైవ్. మావాడు ఒక్కడే.

నివేదిక 31వ టేపులో దొరికింది. అది పదకొండో రోజు. అందులో ఫ్యాక్టరీ తప్పేమీ లేదు, షాఫ్టు పరీక్ష నెగ్గిందనే ఉంది. కొనుగోలుదారు మర్యాదగా కృతజ్ఞతలు చెప్పాడు. తర్వాతి ఆర్డరు మాత్రం వేరేవాళ్లకు వెళ్లింది. ఏడు రోజుల్లో కాగితం చూపలేనివాడు తప్పు చేయలేదంటే నమ్మేదెవరు?

తర్వాత బయటపడిన సంగతి ఇంకా చిత్రమైనది. ఆ మధ్యాహ్నం కరెంటు పోకపోయినా ఆ నివేదిక తేలిగ్గా దొరికేది కాదు. టేపులను పదేళ్లదాకా చెరపొద్దని మావాడు జాగ్రత్తగా పెట్టాడు. క్యాటలాగ్‌లో ఫైళ్ల పేర్లు ఎన్నాళ్లుండాలన్న గడువును మాత్రం ముట్టుకోలేదు. ఈ తరహా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లలో పేరున్న బకూలానే తీసుకోండి. 2000లో రాయడం మొదలై 2002లో విడుదలైన ఆ సాఫ్ట్‌వేర్ మాన్యువల్ ప్రకారం, మనం మార్చకపోతే ఫైళ్ల పేర్లకు గడువు 60 రోజులు, ఏ రాత్రి ఏ పని జరిగిందన్న వివరాలకు 180 రోజులు, టేపుకు ఏడాది. అంటే డేటా టేపు మీద చెక్కుచెదరకుండా ఉన్నా రెండు నెలలు దాటాక ఫలానా ఫైలు ఒక్కటే ఇమ్మంటే సర్వర్ తెల్లమొహం వేస్తుంది. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. క్యాటలాగ్ ఉబ్బిపోకుండా పెట్టిన కట్టడి. ఎంత కాలం గుర్తుంచుకోవాలో నిర్ణయించాల్సింది మనం. మనం నోరు మెదపకపోతే అదే నిర్ణయించుకుంటుంది.

గుర్తుంచుకోవడానికి ఖర్చవుతుంది. ఆ లెక్క తెలిస్తే సర్వర్ ట్యూనింగ్ అసలు ఎందుకో అర్థమవుతుంది. ఇరవై లక్షల ఫైళ్లను వారానికోసారి పూర్తిగా దాస్తే ఏడాదికి 10 కోట్ల 40 లక్షల పేర్లు. పదేళ్లు ఉంచితే 104 కోట్లు. ఒక్కో పేరుకు 150 బైట్లు వేసుకున్నా 156 జీబీ. ఇది మావాడి ఫ్యాక్టరీలాంటి చిన్న సంస్థ సంగతి. అదే నెలకొక పూర్తి బ్యాకప్ పేర్లను మాత్రమే పదేళ్లు ఉంచి, మిగతా వారాలవి మూడు నెలలకే తీసేస్తే పదేళ్లకు 24 కోట్ల పేర్లు, 36 జీబీ. మామూలు సర్వర్ ఒకటి మోయగలిగిన బరువే. ఏది ఎంతకాలం కావాలో గుమాస్తాను, ఇన్‌స్పెక్టర్‌ను, యజమానిని కూర్చోబెట్టి అడిగి తేల్చుకోవడం ట్యూనింగ్‌లో మొదటి మెట్టు. సెట్టింగులు ఆ తర్వాత.

సెట్టింగుల్లోనూ ఒక తిరకాసుంది. డేటాబేస్‌కు ఇండెక్సులు, అంటే వెతుకులాటకు సాయపడే సూచికలు, ఎక్కువైతే రాత్రి పేర్లు చేర్చడం మందగిస్తుంది. ప్రతి పేరునూ అన్ని సూచికల్లోనూ నమోదు చేయాలి కదా. తక్కువైతే రాత్రి పని చకచకా ముగుస్తుంది గానీ ఫైలు కావాలన్న రోజున సర్వర్ కోట్ల వరుసలను మొదటి నుంచీ తిరగేస్తుంది. రాత్రి వేగం రోజూ కనిపిస్తుంది, రిపోర్టులో వస్తుంది. వెతికే వేగం ఆపద వచ్చిన రోజునే కనిపిస్తుంది. అందుకే అందరూ మొదటిదాన్ని చూసుకుని మురిసిపోతారు. గడువు తీరిన పేర్లను తీసేశాక వాటి ఖాళీలను డేటాబేస్ శుభ్రం చేసుకునే పనిని కూడా ఇదే వేగం పేరుతో ఆపేసేవారున్నారు. చెత్త తీసుకెళ్లే బండిని ఆపితే వీధిలో ట్రాఫిక్ తగ్గిందని సంబరపడటం లాంటిదది.

ఇది ఒక భిలాయి కుర్రాడి అమాయకత్వం అనుకుంటే పొరపాటు. ప్రపంచమంతటా సాఫ్ట్‌వేర్ నిపుణులు తమ ప్రోగ్రాములను భద్రపరచుకునే గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. బ్యాకప్‌లు రకరకాలుగా తీస్తున్నామనే అందరూ అనుకున్నారు. తీరా చూస్తే రోజూ తీయాల్సిన నకలు సాఫ్ట్‌వేర్ వెర్షన్ కుదరక ఎప్పటి నుంచో విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా గమ్యం చేరడం లేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఒకటి దొరకబట్టి గండం గడిచింది. అది కూడా నెమ్మది డిస్కుల మీద ఉండటంతో దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి సుమారు 18 గంటలు పట్టింది. ఆ సంస్థ గొప్పదనం ఏమిటంటే ఈ వివరాలన్నీ తనే బయటపెట్టింది.

దక్షిణ కొరియాలో 2025 సెప్టెంబర్ 26న డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు పత్రాలు దాచుకునే జీ-డ్రైవ్ అనే వ్యవస్థ కాలిపోయింది. 858 టెరాబైట్లు. బయట ఎక్కడా నకలు లేదు. పరిమాణం మరీ పెద్దదని, దాని వేగం తక్కువని, అందుకే బయట బ్యాకప్ పెట్టలేకపోయామని అధికారులు చెప్పారు. ట్యూనింగ్ గురించి అంతకన్నా ఖరీదైన వాక్యం నేనెక్కడా వినలేదు. మన దగ్గర 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగి సుమారు 1.3 టెరాబైట్ల డేటాకు తాళాలు పడ్డాయి. రోగులను చీటీల మీద చూడాల్సి వచ్చింది. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ మిగిలి ఉండటంతో ఈ-హాస్పిటల్ డేటా తిరిగి దక్కింది. ఒకచోట విడిగా మిగిలిన నకలు కాపాడింది, ఇంకోచోట అది లేక ముంచింది.

మన చట్టం ఏమంటోంది? కంపెనీల ఖాతా పుస్తకాల బ్యాకప్ మన దేశంలోని సర్వర్లలో రోజూ ఉండాలని 2022 ఆగస్టులో నిబంధన మార్చారు. అంతకు ముందు 'అప్పుడప్పుడూ' అని ఉండేది. మంచి మార్పే. కానీ ఆడిటర్ వచ్చి బ్యాకప్ తీస్తున్నారా అని అడుగుతాడు. తీస్తున్నామని అందరూ తలూపుతారు. 'అయితే ఫలానా ఏడాది మార్చి 14 నాటి వోచర్ ఒకటి ఇప్పుడు నా ఎదుట తీసి చూపించండి' అనేవాడు అరుదు. ఆ ఒక్క ప్రశ్న వేస్తే దేశంలో సగం సర్వర్ గదుల్లో చెమటలు పడతాయని నా అనుమానం.

కిందటేడాది భిలాయి వెళ్లినప్పుడు మావాడి సర్వర్ గది చూశాను. ఎఫ్‌సింక్ తిరిగి తెరిచాడు. క్యాటలాగ్ కొత్త ఎస్‌ఎస్‌డీ మీదకు వెళ్లింది. పేర్లు కట్టలుగా చేరుతున్నాయి. బ్యాకప్ ఆరున్నర గంటల్లో ముగుస్తోంది. అడ్డదారి ఇచ్చిన వేగానికీ దీనికీ తేడా అరగంటే. ఆ అరగంట కోసమా ఇంత పని చేశానని తనే నవ్వుకున్నాడు. క్యాటలాగ్ నకలు రోజూ టేపుకు కాకుండా వేరే డిస్కుకు, అక్కడి నుంచి ఊళ్లోనే ఇంకో చోటికి వెళుతోంది. ఏ టేపు మీద ఏముందో చెప్పే చిన్న జాబితా రోజూ ప్రింటయి ఫైల్లోకి చేరుతోంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకొకటి. ప్రతి నెలా మొదటి సోమవారం స్టోర్స్ గుమాస్తా వచ్చి తోచిన పాత ఫైలు పేరు ఒకటి చెబుతాడు. కంప్యూటర్లతో సంబంధం లేని మనిషే అడగాలన్నది నియమం. మావాడు గోడ గడియారం చూసి మొదలుపెడతాడు. దొరికిందా, ఎన్ని నిమిషాలు పట్టింది, తెరుచుకుందా అన్నది ఒక నోటు పుస్తకంలో చేత్తో రాసి గుమాస్తాతో సంతకం పెట్టిస్తాడు. నేను వెళ్లిన నెలలో 2018 నాటి డ్రాయింగ్ అడిగితే 22 నిమిషాలు పట్టింది. అందులో ఎక్కువ సమయం బీరువా తాళం చెవి వెతకడానికే.

ఆ పుస్తకం చూసి మా బాబాయి ఒక్క మాటే అన్నాడు. "మేం ప్రతి పట్టా మీదా నంబరు కొట్టేవాళ్లం రా. నంబరు కొట్టడం ఎవడైనా కొడతాడు. అడిగితే రిజిస్టరు తెచ్చి చూపించాలి."